పెద్దకొడుక్కి ప్రవేశం లేదు

“తాళం తియ్యండి నాన్నా. ఇక తాళలేను.”

సుభాష్ మామిడితోట గేటు ముందు నిలబడి చెయ్యి చాచాడు. హనుమయ్య మొలలోని తాళంచెవిని గట్టిగా పట్టుకున్నాడు.

“నా కంఠంలో ప్రాణముండగా తియ్యను. మధ్యాహ్నానికి ఉంగుటూరు నుంచి బేరగాడొస్తున్నాడు. తోట అమ్మేస్తున్నా. గొడవ వదిలిపోతుంది.”

“అమ్మేస్తే నేనేం చెయ్యాలి?”

“బతుకు. నాకది చాలు.”

ముసునూరు పక్కనున్న ఆ తోటని చూస్తే ఊరందరికీ నోరూరుతుంది, ఆ ఇంట్లోవాళ్ళకి నోరెండుతుంది. చెట్ల నిండా రసాలు, ఇంటి నిండా నీరసాలు. కారణం హనుమయ్య తాత. ఎవరో దిక్కులేని ఆడమనిషి దగ్గర ఆ నేల లాగేసుకున్నాడట. ఆవిడ గుప్పెడు మన్ను తీసి, “నీ రక్తంలో పుట్టిన పెద్దకొడుకెవడూ ఈ తోటలో ముప్ఫై ఏళ్ళు దాటి బతకడు” అంటూ అతని మొహాన కొట్టింది. ఆవిడ పోయింది, శాపం పోలేదు. హనుమయ్య పెదనాన్నని పాము కరిచింది ఇక్కడే. అన్న శ్రీమన్నారాయణ కొమ్మ విరిగి పడిందీ ఇక్కడే. ఇద్దరూ ఇప్పుడు హాల్లో ప్లాస్టిక్ దండలు వేసుకుని గోడమీంచి చూస్తుంటారు.

అన్న పోయాక హనుమయ్య చింతలపూడిలో ఉద్యోగం మానేసి, చంటివాడైన సుభాష్‌ని భుజాన వేసుకుని ఊరొచ్చేశాడు. రాగానే తోటకి గేటు పెట్టించాడు. అప్పట్నుంచీ చెట్లకి కాపు, కొడుక్కి కాపలా. వాడు తుమ్మితే నూజివీడు డాక్టరు దగ్గరికి పరుగు. తోటని ఏటా ఎవరో ఒకరికి కౌలుకిచ్చేవాడు. వచ్చే ఏడాదికి కొడుక్కి ముప్ఫై. ఈసారి కౌలు లేదు, కాయ నేనే కోయిస్తానని సుభాష్ తెగేసి చెప్పాడు. చెప్పినట్టే కూలీలని పిలిచాడు. వాళ్ళు గేటు బయట చిక్కాలు కట్టిన కర్రలు పట్టుకుని కూర్చుని ఉన్నారు.

సుభాష్ భార్య సుప్రజ నూజివీడు కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. ఆమె ముందుకొచ్చింది.

“మావయ్యగారూ, నేను పాఠం చెప్పే గోథిక్ నవలలన్నిట్లోనూ ఇదే కథండీ.”

“గోతిక్కా? గోతిలోకి దింపేవా?”

“దాదాపు అంతే. ఓ పాతకాలం కోట, తాతల నాటి శాపం, మొలలో తాళాలతో ఓ తండ్రి.”

“మనది డాబా కదమ్మా! మరి దెయ్యం ఉండదా?”

“ఉంటుందండీ పాపం, ఓ మూల. పిల్లల్ని కాల్చుకు తినేది మాత్రం తండ్రే.”

కూలీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సొన పడ్డట్టు మాడింది హనుమయ్య మొహం.

“నవ్వండి, నవ్వండి. గోడకి మూడో మేకు కొట్టాల్సింది నేను కదా.”

“ఆ మేకుకి క్యాలెండర్ తగిలించండి నాన్నా” అన్నాడు సుభాష్. “ముత్తాత చేసింది తప్పే. ఆవిడ తాలూకు వాళ్ళెవరైనా ఉంటే వెతికి దణ్ణం పెడతా, సగం తోటిస్తా. దాక్కుని బతకడం మాత్రం నా వల్ల కాదు. ఇక్కడే కోస్తా, ఇక్కడే తింటా, వచ్చే ఏడూ కోస్తా. శాపానికి దమ్ముంటే నిచ్చెనెక్కి రమ్మనండి!”

క్యారేజీతో అప్పుడే వచ్చిన ప్రమీలారాణి అది కింద పెట్టింది.

“గేటు తియ్యండి. వాణ్ణి వెళ్ళనివ్వండి” అంది భర్తతో.

“ప్రమీలా! మా అన్నని ఈ చేతులతోనే మోశాను. నీకు భయం లేదూ?”

“లేదు.”

“అసలు తల్లివేనా నువ్వు?”

ఊళ్ళో ఆడవాళ్ళు ఎప్పట్నుంచో అంటున్న మాటే అది. సుభాష్ చిన్నప్పుడు ఆవిడే వాణ్ణి గోడమీంచి తోటలోకి దింపి, చెట్టు కింద కూర్చోబెట్టి పండు తినిపించింది. హనుమయ్య రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆవిడ కూలీల వైపోసారి చూసి, క్యారేజీ పక్కకి జరిపింది.

సుభాష్ ఇక ఆగలేదు. గేటెక్కి అవతలికి దూకాడు.

“ఒరేయ్!” అని వాణ్ణి వెనక్కి లాగే గాభరాలో హనుమయ్యే తాళం తీశాడు. తెరుచుకున్న గేట్లోంచి కూలీలంతా లోపల పడ్డారు. సుప్రజ వాళ్ళ వెనకే నడిచింది. హనుమయ్య వెళ్ళేసరికే సుభాష్ మొదటి చెట్టుకి నిచ్చెన వేసి, పైకెక్కి కొమ్మల్లోకి మాయమయ్యాడు.

హనుమయ్య నిచ్చెనని రెండు చేతులా కావలించుకున్నాడు. కళ్ళవెంట ధారగా నీళ్ళు.

“చూశావా ప్రమీలా? అచ్చం మా అన్నలాగే ఎడంకాలు ముందేసి ఎక్కాడు. నా రక్తం కదే! ఆ శాపం వాణ్ణెలా వదులుతుందే?”

వెనకే వచ్చిన ప్రమీలారాణి చుట్టూ చూసింది. కూలీలూ సుప్రజా అవతలి చెట్ల వైపు వెళ్ళిపోయారు, దగ్గర్లో ఎవరూ లేరు. కొంగుతో ఆయన కళ్ళు తుడిచి, చెవి దగ్గరికి వంగింది.

“వాణ్ణి మనం తెచ్చి పెంచుకున్నామని మళ్ళీ మర్చిపోయారా?”