దారికి అడ్డంగా

కార్యదర్శి భార్య కాలికి రాయి తగిలి తూలింది.

ఆయన పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ఏటవాలులో దొర్లిపోయేదే.

ఆవిడ పక్షవాతం వచ్చి కాలు ఈడుస్తున్న మనిషి. రోజూ నడవకపోతే ఆ కాలు ఇక లేవదని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. బండ్ల భయం లేకుండా నడవాలంటే ఊరి వెనక కొండ చుట్టూ ఉన్న ఈ నడకదారులే గతి. వాటిని చూసుకునే సంఘానికి ఆయనే కార్యదర్శి.

దారికి అడ్డంగా, ఏటవాలుగా పాతిన రాళ్ళు. పది రోజుల కిందట ఇవి లేవు.

పై మలుపులో ఒక ముసలాయన గునపంతో ఇంకో రాయి పాతుతున్నాడు. నడకకు వచ్చేవాళ్ళు అప్పుడే గునపం తాత అని పేరు కూడా పెట్టేశారు. పేర్లు పెట్టడంలో మనవాళ్ళకి ఆలస్యముండదు.

"ఏమయ్యా, నీకిదేం పోయేకాలం? జనం కాళ్ళు విరగ్గొడతావా?"

"నీళ్ళకి దారి చూపిస్తున్నాను బాబూ. ఈ రాళ్ళుంటే వాన నీళ్ళు పక్కకి దిగిపోతాయి. లేకపోతే మన దారే పట్టుకుంటాయి."

"ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

"మీరు పిలిస్తేనే కదా బాబూ వచ్చాను."

చుట్టూ మూగినవాళ్ళు పడీపడీ నవ్వారు.

"నేనా? నిన్నా? నీలాంటివాళ్ళ చేతిలో దారులు పాడవుతున్నాయనే, తెలిసిన మనిషిని పంపమని పై ఆఫీసుకి రాశాను!"

ముసలాయన ఏదో చెప్పబోయాడు. నవ్వుతున్న మొహాల వంక ఒకసారి చూసి మళ్ళీ గునపం ఎత్తాడు.

కార్యదర్శి గునపం లాక్కున్నాడు.

"అది లేకపోతే నాకు చేతుల్లేనట్టే బాబూ."

"అందుకే తీసుకుంటున్నా."

సాయంత్రానికల్లా అన్ని దారుల్లో కలిపి నలభై మూడు రాళ్ళు పెకిలించి, నున్నగా చదును చేయించాడు. గునపాన్ని సంఘం గదిలో ఓ మూల పడేశాడు. బల్ల మీద నాలుగు ఉత్తరాలు వచ్చి ఉన్నాయి. ఉత్తరాలు నెలకోసారి, సమావేశంలో అందరి ముందే విప్పాలని సంఘం నియమం. నియమం పెట్టింది కూడా ఆయనే. వాటిని ముట్టుకోలేదు.

మర్నాడు ఆయన భార్య ఎక్కడా తూలకుండా నూట ఇరవై అడుగులు నడిచింది. ఆయనకి కళ్ళు చెమర్చాయి.

ఆ వారమే వాన పట్టుకుంది. మూడు రోజులు వదల్లేదు.

తెరిపిచ్చాక వెళ్ళి చూస్తే దారుల్లేవు. వాటి చోట మోకాలి లోతు గండ్లున్నాయి. పై మలుపులో మాత్రం ఎవరో ఆరు రాళ్ళు తిరిగి పెట్టారు. అంత మేరా దారి చెక్కుచెదరలేదు.

"ఏమండీ, ఇక ఎక్కడ నడవను?" అని అడిగింది భార్య.

ఆయన సంఘం గదికి వెళ్ళాడు. గునపం భుజాన వేసుకుని, వాకబు చేసుకుంటూ కొండ కింద ముసలాయన అద్దెకుంటున్న గదికి వెళ్ళాడు.

గది అద్దెకిచ్చినావిడ గునపాన్ని చూడగానే గుర్తుపట్టింది.

"ఇప్పుడా తెచ్చేది? వాన మొదలవగానే లేచి వెళ్ళాడండీ. వద్దు పెద్దాయనా అంటే వింటేనా! వట్టి చేతుల్తో రాళ్ళు మోసి, తడిసి ముద్దై వచ్చాడు. ఒళ్ళు కాలిపోయింది. నిన్న పొద్దున పోయాడు."

"ఏమైనా అన్నాడా?"

"ఆఖరిదాకా ఒకటే మాట. దారి నిలిచిందా, దారి నిలిచిందా అని."

కార్యదర్శి సంఘం గదికి తిరిగొచ్చి గునపాన్ని గోడకి ఆనించాడు. ఇక నియమాలెందుకనిపించి, అన్నిటికంటే పైనున్న కవరు చింపాడు.

పై ఆఫీసు నుంచి వచ్చిన ఆ ఉత్తరం మీద మూడు వారాల కిందటి తేదీ ఉంది: "మీరు కోరిన మనిషిని పంపుతున్నాము, ముప్పై ఏళ్ళ కిందట ఆ కొండ మీద దారులన్నీ వేసింది ఆయనే, జీతం వద్దన్నారు, గునపం కూడా తనదే తెచ్చుకుంటారు."