బస్తాకి ఆనిన తల

మిరపకాయలు ఎంత ఎండాయో బరువును బట్టి తెలుసుకోవాలని ముదస్సిర్ కల్లంలోనే కూర్చుని, చార్జింగ్ లైటు వెలుగులో సర్క్యూట్ కట్టాడు. ఒక మైక్రోకంట్రోలర్, ఒక కెపాసిటర్, రెండు రెసిస్టర్లు. బస్తా కింద పెట్టిన సెన్సార్ ఇచ్చే సన్నటి వోల్టేజీని అది అంకెలుగా మార్చాలి. గ్రాము తేడా కూడా తప్పిపోకూడదని అతని పంతం.

కాపలాకొచ్చిన సిలార్ మామ అదే బస్తాకి అవతలి పక్క, చాటున తల ఆనించి పడుకున్నాడు. ఎవరు కదిపినా మెలకువ రావాలని కల్లాల్లో అలాగే పడుకుంటారు.

టంకం చల్లారాక తెరమీద అంకె వెలిగింది. కానీ నిలకడగా లేదు. మెల్లగా పెరుగుతోంది, మెల్లగా తగ్గుతోంది. వైర్లన్నీ సరిచూశాడు. గాలి కూడా లేదు. అప్పుడు అర్థమై నవ్వొచ్చింది. అది మామ ఊపిరి!

“మామా, ఒక్కసారి ఊపిరి బిగబట్టు.”

అంకె ఆగింది.

“భలే! ఇక వదిలెయ్ మామా.”

అంకె కదల్లేదు.

మిరప ఘాటుకి మామ రాత్రంతా దగ్గుతూనే ఉంటాడు. ఆ దగ్గు వినిపించి చాలాసేపయిందని ముదస్సిర్‌కి అప్పుడు తట్టింది.

డొంకలోంచి బండి చప్పుడు దగ్గరయింది. సిలార్ మామ ఫ్లాస్కు పట్టుకుని దిగాడు.

“ఏరా, నేను టీకి పోయింది కూడా చూసుకోలా? ఎవరితో మాట్లాడతన్నావురా?”

ముదస్సిర్ చూపు తెరమీదే ఉంది. అంకె ఒక్కసారిగా పడిపోయింది, బస్తాకి ఆనిన తల పైకి లేచినంత.