ఎడమచేతి కాజాలు

"కళ్ళు పెట్టి చూడవే! గుండీ కాజా అంటే ఇదీ. నువ్వు కుట్టేవి ఎలుక కొరికిన కన్నాలు," అంటూ దర్జీ ఆ పాత కోటును భార్య ఒళ్ళోకి విసిరాడు.

ఒకాయన తండ్రి కోటును తన ఒంటికి సరిచెయ్యమని ఇచ్చి వెళ్ళాడు. లోపల దాన్ని కుట్టిన పెద్ద మాస్టారి పేరు ఉంది. ఊళ్ళో ఆయన్ని మించిన దర్జీ లేడు. ఇరవై ఏళ్ళుగా ఆయన పనితో తన పనిని పోల్చుకుని కుమిలిపోవడం, ఆ ఉక్రోషం భార్య మీద తీర్చుకోవడం ఇతనికి అలవాటు. రేపు దుకాణం అద్దాల బీరువాలో పెట్టాలని ఆరు వారాలు కష్టపడి కుట్టిన కోటు బల్ల మీద ఉంది. దానికిక కాజాలే తక్కువ.

"నా కోటు ఆయన కోటు పక్కన నిలబడకుండా చేసేది నీ చేతులే," అన్నాడు.

ఆమె పాత కోటు కాజాను వేలితో తడిమింది. "ఇవి నావేనండీ. పెళ్ళికి ముందు ఆయన దగ్గర కాజాలు కుట్టేదాన్ని. మీరు నొచ్చుకుంటారని చెప్పలేదు. కుట్టు ఎడమ వైపుకి తిరిగింది, చూడండి."

చూశాడు. ఆమెది ఎడమచేతి వాటం.

"మరి నా కోట్లకెందుకే ఆ వంకర కుట్లు?"

"కొత్తలో బాగానే కుట్టానండీ. కాజా మీద పడ్డ చూపు కాలర్ మీదికి పోయేది. మీ కాలర్ తేలిపోయేది. అందుకని కావాలనే చెయ్యి కాస్త తగ్గించుకున్నా."

దర్జీ తన కోటును రెండు చేతులా ఎత్తి ఆమె ముందు పెట్టాడు. "దీనికి మాత్రం మంచివి కుట్టు. నీకు పుణ్యముంటుంది."

ఆమె కాలర్ పట్టుకుని తిప్పి చూసింది. భర్త మొహం కేసి జాలిగా చూసి, సూదిలోకి దారం ఎక్కించింది.

"దీనికి మామూలువి చాలులెండి," అంది.