ఓడినోళ్ల మార్నింగ్ షో

నలభై ఒకటికి తొమ్మిది.

హిందూపురం గ్రౌండులో పొద్దున్నే ఆ స్కోరు విన్నాక పవిత్ర సంచి సర్దేసింది.

ధర్మవరంలో మగ్గాలు నేసే ఏడుగురు ఆడవాళ్ల కబడ్డీ జట్టుకు ఆమె కెప్టెన్. మూడు గంటలకు ఇంకో మ్యాచ్ ఉంది.

"ఇంక ఆడేది లేదు. బస్సెక్కి పోదాం," అంది.

"పోదాంలే అక్కా. ఈ ఎండలో యాడ నిలబడతాం? ముందు సినిమా చూద్దాం రా," అంది సౌమ్య.

దగ్గర్లోని థియేటర్లో మార్నింగ్ షో. అదీ కబడ్డీ సినిమానే. పవిత్రకు ఒళ్లు మండింది. అయినా మిగతా ఆరుగురూ లోపలికి లాక్కుపోయారు.

అగళి వైపు గొర్రెలు కాసుకునే కుర్రాళ్లు జట్టు కట్టి, ముప్పై ఏళ్ల కిందట పెనుకొండ జట్టును ఫైనల్లో ఓడించారట. నిజంగా జరిగిన ఆ సంగతే కథ.

తెర మీద ఒక కుర్రాడు కూతకు వెళ్లి, కబడ్డీ అనడం మరిచిపోయి, అలవాటుకొద్దీ ఎదుటివాళ్లను గొర్రెల్లాగా అదిలించాడు.

హాలంతా నవ్వింది. పవిత్ర పక్కన కూర్చున్న పెద్దాయన సీటు ఊగిపోయేలా నవ్వాడు.

"ఏం పాపా, నీకు నవ్వు రాలేదా?"

"ఓడిపోతాండారు గదా పెద్దాయనా. నవ్వేకి ఏముండాది?"

"పడినా మళ్లా లేస్తాండారు చూడు. అందుకే ముద్దొస్తాండారు."

ఇంతలో పెనుకొండ కెప్టెన్ మీసం మెలేస్తూ తెర మీదికొచ్చాడు. జనం ఈలలు వేసి గేలి చేశారు. అందరికంటే గట్టిగా అరిచింది పెద్దాయనే.

"పట్టండ్రా వాణ్ని. తేలుకొండి మీసమూ వాడూనూ."

పవిత్రకు నవ్వొచ్చింది. పెదవి కొరుక్కుంది.

ఆయన ఆమె మోకాలి మీద గీరుకుపోయిన గాయం చూశాడు.

"కబడ్డీనా?"

"ఊ. పొద్దున ఓడినాం. నలభై ఒకటికి తొమ్మిది."

"తొమ్మిదిలో నీవెన్ని?"

"నాలుగు."

"వాళ్ల మధ్యకు పోయి, పాయింట్లు తెచ్చినావు గదా. మళ్లా ఆటెప్పుడు?"

"మూడింటికి. వద్దనుకున్యాం."

"ఆడండమ్మా. ఓడితే ఏమైతాది? ఇంగో సినిమా చూసిపోతారు."

ఈసారి పవిత్ర నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆ తర్వాత సినిమా అయ్యేదాకా నవ్వుతూనే ఉంది. చివర్లో అగళి కుర్రాళ్లు పెనుకొండ కెప్టెన్ను పొట్టేలును పట్టినట్టు వెనక కాలు పట్టి, ఎత్తి బురదలో పడేశారు. పెద్దాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"బస్సుకు టైమైంది పాపా. వస్తా," అని వెళ్లిపోయాడు.

పవిత్ర సౌమ్య భుజం తట్టింది. "లెయ్. గ్రౌండుకు పోదాం."

మూడింటి మ్యాచ్‌లో సగం ఆటకు ఆరు పాయింట్లు వెనకబడ్డారు. సౌమ్య కూతకు పోయి, ఎవరూ తాకకుండానే జారి పడింది. లేచి మట్టి దులుపుకుని, జనానికి దండం పెట్టింది. గ్రౌండంతా నవ్వింది. ఏడుగురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. పొద్దుట్నుంచి కాళ్లకు అడ్డంపడుతున్న భయం ఆ నవ్వుతో పోయింది.

చివరి కూతలో పవిత్ర ఇద్దరిని తాకి, బోర్లా పడి, వేలికొనతో గీత అందుకుంది.

ముప్పైకి ఇరవై తొమ్మిది. గెలిచారు.

బస్టాండుకు పోతూ ఆమె థియేటర్ దగ్గర ఆగింది. గెలిచిన మాట పెద్దాయనకు చెప్పాలి. గేటు దగ్గర పనిచేసే పోతులయ్య గోడ మీద పోస్టర్ పీకుతున్నాడు.

"పొద్దున నా పక్కన కూర్చున్న పెద్దాయన రేపొస్తాడా అన్నా? బాగా నవ్వుతాండె."

"ఎర్రప్పా? దినామూ వస్తాండె. ఈ పొద్దుతో సినిమా ఎత్తేసినాం. ఇంకేమొస్తాడు?"

"ఈ సినిమా అంటే అంత ఇష్టమా ఆయనకు?"

"ఉండదా మరి? ఆ ఫైనల్ పొద్దు గెలిచిన పిల్లోళ్లను భుజాల మీద ఎక్కిచ్చుకొని బజారంతా తిప్పినాడంట. అదొక్కటీ సినిమాలో పెట్టలేదు."

"అయితే ఆయనదీ అగళి జట్టేనా?"

పోతులయ్య చేతిలోని పోస్టర్ విప్పి, మీసాల కెప్టెన్ బొమ్మ మీద వేలు పెట్టాడు.

"కాదమ్మా, ఓడిపోయిన ఈ పెనుకొండ కెప్టెనే ఆయన."