యాదికి రాని ముఖం

“డాక్టరు రెండిట్ల ఏదన్న ఒకటి వాడుమన్నడు. ఏది గట్టిది?” మెడికల్ షాపు బల్ల మీద అరచేత్తో చరిచి అడిగింది సుమిత్రమ్మ.

షాపతను రెండు డబ్బాలు ముందుకు జరిపాడు. “ఇది సిటికోలిన్. తలకు దెబ్బ తగిలినోళ్లకు ఈడ ఎక్కువ రాసేది. ఇది ఆల్ఫా జీపీసీ, బయటి దేశపుది. మెదడుకు జల్ది అందుతదంటరు. రెండూ ఒక్క జాతివే. మతిమరుపు పోతదని గ్యారంటీ మాత్రం నేనియ్య.”

సకల జనుల సమ్మెలో, మూడు వారాల కింద, రాజీవ్ రహదారి మీద రాస్తారోకో చేస్తుంటే ఆమె భర్త యాదగిరి తల పగిలింది. తొమ్మిది కుట్లు. లాఠీ ఎత్తింది ఎవరంటే యాదికి లేదంటాడు. సోమవారం విచారణ. కొట్టినవాణ్ని చూపించకపోతే, తనే కిందపడ్డాడని రాసి ఫైలు మూసేస్తారు.

“మీ పోలీసోళ్లే గదరా! పేరు నువ్వే కనుక్కోరాదు?” పక్కనున్న కొడుకును నిలదీసింది. వినయ్ బెటాలియన్‌లో కానిస్టేబుల్. సమ్మె బందోబస్తు డ్యూటీ నుంచి తండ్రి కోసం సెలవు పెట్టి వచ్చాడు.

“అందరికీ హెల్మెట్లే ఉంటయి అవ్వా.”

“ఉండనీ. కిందపడ్డడని దస్కత్ పెట్టుమని మొన్న కాయిదం తెచ్చిన్రు. చింపి వాళ్ల చేతులనే పెట్టిన. నేనూకోను!” షాపతని వైపు తిరిగింది. “మన డాక్టర్లకు ఎరుకైనదే ఇయ్యి.”

ఇంట్లో సిటికోలిన్ గోళీని చూసి యాదగిరి మొహం తిప్పుకున్నాడు.

“నేను మింగ.”

“నీ పేర్లనే యాది ఉంది, నీకే లేకపాయె! మింగు.”

“తల పగిలింది గని నోరు పగల్లె. సోమవారం గాడ నిలబడి జై తెలంగాణ అంట. గంతకు మించి నన్నేం అడగకున్రి.”

“మింగు బాపూ,” వినయ్ గోళీని తండ్రి అరచేతిలో పెట్టాడు. “యాదికి తెచ్చుకో. పేరు చెప్పు. వానికి శిక్ష పడాలె.”

యాదగిరి గోళీని కిటికీలోంచి విసిరేశాడు. ఈ మొండితనం ఎన్నాళ్లో చూస్తాననుకుంటూ, సుమిత్రమ్మ మంచినీళ్ల కోసం వంటింట్లోకి నడిచింది. గ్లాసు నింపుకుని, ఇంకో గోళీ పట్టుకుని గడప దగ్గరికి వచ్చేసరికి, భర్త కొడుకు తలను గుండెకు అదుముకుని మెల్లగా అంటున్నాడు:

“కొట్టింది నువ్వేనని మీ అవ్వకు తెల్వద్దు బిడ్డా.”