నవ్వే ఉద్యోగం

"ఇవాళైనా కాస్త నవ్వండి సార్. లేకపోతే నన్ను తిడతారు, మిమ్మల్ని తీసేస్తారు" అంది వారపత్రిక కొత్త మేనేజరు.

పెద్దాయన తల ఊపి కెమెరా ముందు సర్దుకు కూర్చున్నాడు.

ఒకప్పుడు ఆ వారపత్రికలో జోకులన్నీ ఆయనవే. 'మా ఆవిడ' శీర్షిక కోసం జనం పత్రికను చివరి పేజీ నుంచి తెరిచేవాళ్లు. ఇంట్లో ఆవిడ అన్నది అన్నట్టు, తను తిన్న చీవాట్లు తిన్నట్టు రాసేసేవాడు. పాఠకులు అసలు పేరు మర్చిపోయి 'ఆవిడగారి ఆయన' అనేవాళ్లు.

ఆయన కలం పక్కన పెట్టేసిన వారం దాకా రాసినదంతా, అచ్చుకాని ఆఖరి జోకుతో సహా, పత్రికవాళ్లు ఏఐకి మేపారు. ఇప్పుడు జోకులు అదే రాస్తుంది. చదివి నవ్వడం ఈయన పని. ఎంత నవ్వాడో ముఖం చూసి కెమెరా మార్కులేస్తుంది. ఎక్కువ మార్కులొచ్చిన జోకు అచ్చుకెళ్తుంది. వంటవాడి చేతిలో గరిటె లాక్కుని, రుచి మాత్రం చూసిపెట్టమన్నట్టుంది వ్యవహారం.

ఆయనకేమో నవ్వు రావడం లేదు. పళ్లికిలించి చూశాడు. దొంగనవ్వుల్ని కెమెరా ఇట్టే పట్టేసింది.

"మానేసి హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చుగా సార్?"

"ఇంట్లో పొద్దుపోదమ్మా. ఈ కుర్చీ ఒక్కటీ ఉండనిమ్మని చెప్పు."

కుర్చీ పోతుందంటే ఆయనకు నిజంగానే భయం. ఆ అమ్మాయికి జాలేసింది.

మధ్యాహ్నం తెర మీదికి ఓ జోకు వచ్చింది.

'నేను లేకపోతే పంచదార డబ్బా ఎక్కడుందో కూడా మీకు తెలీదు' అంది మా ఆవిడ.

'తెలీకపోవడమేంటి? నిన్ను కేకేస్తే చెబుతావుగా' అన్నాను.

పెద్దాయన భుజాలు అదిరాయి. పొట్ట పట్టుకుని ముందుకు వంగిపోయాడు. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి, ఊపిరి అందడం లేదు. తెర మూలన అంకె గబగబా ఎగబాకి నూటికి నూరు దగ్గర ఆగింది.

మేనేజరు పరుగున వచ్చింది. జోకు చదివి తనూ పకపకా నవ్వింది.

"గండం గడిచింది సార్. ఇక మీ కుర్చీకి ఢోకా లేదు. రోజూ ఇలాంటివే రాయమని ఏఐకి చెబుతాను."

ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఇక చాలు సార్, పొలమారుతుంది" అంటూ మంచినీళ్లు అందించింది. "సాయంత్రం ఇంటికెళ్లి మీ ఆవిడకి చెప్పండి, ఆవిడా నవ్వుతుంది."

ఆసుపత్రి మంచం మీద ఆవిడ అన్న ఆఖరి మాటా, దానికి ఆయన ఇచ్చిన జవాబూ అక్షరం పొల్లుపోకుండా అవే.