ఇంట్లో చెప్పకూడని టైర్లు

"బాబాయ్, ఈ సంగతి మా ఇంట్లో మాత్రం చెప్పకండి," అన్నాడు హరికిరణ్.

సాక్చీలో టైర్ల దుకాణం నడిపే గణపతిరావు కళ్ళజోడు మీదుగా చూశాడు. "నేను ఎవరి మాటా ఎవరికీ చెప్పను బాబూ. ఏటి కావాలో చెప్పు."

హరికిరణ్‌కి కావలసినవి పోటీ టైర్లు. అయితే రోడ్డు మీద తిరగడానికీ చట్టం ఒప్పుకోవాలి. అతనిది చిన్న కారే గాని ఇంజను గట్టిది. విశ్వకర్మ పూజ వెళ్ళాక వచ్చే ఆదివారం, గమ్హరియా అవతల మూతపడిన గోదాం ముందున్న తారు మైదానంలో కార్ల పోటీ. కోన్ల మధ్య వంకరటింకరగా ఒక్కో కారూ విడిగా ఒక్క చుట్టు తిరిగి రావాలి; ఎవరిది తక్కువ సమయమైతే వాళ్ళదే గెలుపు. అక్కడికెళ్ళి టైర్లు మార్చడానికి లేదు. ఏ టైర్లతో ఇంటి నుంచి వస్తే వాటితోనే పరుగు.

పోయినేడు కాసిడీహ్ నుంచి వచ్చిన ఎర్ర కారు అతనికంటే అర సెకను ముందొచ్చింది. ఆ అర సెకను ఏడాదిగా గొంతులో ముల్లులా ఉండిపోయింది. అన్నం ముందు కూర్చున్నా గుర్తొచ్చేది. ఫ్యాక్టరీలో పక్క మెషీను మీద పనిచేసే అభిలాష్ అయితే క్యాంటీన్లో టమాటా కనబడినా, "చూడు, మళ్ళీ నీకంటే ముందొచ్చేసింది," అనేవాడు.

గణపతిరావు రెండు టైర్లు దింపి పక్కపక్కన పెట్టాడు. ఒకటి దాదాపు నున్నగా ఉంది. గోరు గుచ్చితే దిగేంత మెత్తన. రెండోదానికి నీళ్ళు పోవడానికి లోతైన గాట్లు ఉన్నాయి.

"నీ కారు ముందు చక్రాలతోనే లాగుతాది, వాటితోనే తిరుగుతాది. బ్రేకు బరువూ వాటి మీదే. పాపం, చాకిరీ అంతా ఆ రెంటిదే. ఈ నున్నటిది వేడెక్కితే బంకలా పట్టుకుంటాది. చల్లగా ఉంటే మాట వినదు. వాన పడితే అసలే వినదు. ఒక్క చుట్టులో ఎప్పుడు వేడెక్కుతాది? గాట్లది తీసుకో."

"అది నెమ్మది కదా బాబాయ్."

"కొంచెం. అందులో ఒక సెట్టు మొన్ననే పోయింది."

"ఎవరో భయస్తులు కొనుంటారు," అని నవ్వాడు హరికిరణ్.

గణపతిరావు నవ్వలేదు. మీసం సవరించుకున్నాడు.

"నున్నటివే ఇవ్వండి. ముందు రెండూ చాలు."

"ముందువి అంటుకుని వెనకవి జారితే, బ్రేకు కొట్టగానే నీ డిక్కీ నీకంటే ముందెళ్ళిపోతాది. నాలుగూ అయితేనే అమ్ముతాను."

నాలుగూ తీసుకున్నాడు. కాని బిగించనివ్వలేదు. "శనివారం వస్తాను. అందాకా మీ దగ్గరే దాచండి. అనిత కంట్లో పడితే నా పని అయిపోయినట్టే."

అనిత అతని భార్య. ఆమె దగ్గర ఏదైనా దాచడం ఎంత కష్టమో అతనికి తెలిసినంతగా వాళ్ళుండే బారిడీహ్‌లో ఇంకెవరికీ తెలియదు.

విశ్వకర్మ పూజ నాడు కారు కడిగి, దండ వేశారు. అనిత వంగి పాత టైరుకి బొట్టు పెడుతూ అడిగింది.

"ఏటండీ, ఆదివారానికి ఇవేనా?"

"ఇవే. ఇంకేవి?"

"ఏం లేదు. మొన్న మీ చేతులు కొత్త రబ్బరు వాసన వేసినాయి, అందుకని."

"ఫ్యాక్టరీలో బెల్టు మార్చాం."

"అలాగా," అంది అనిత. మిగతా మూడు టైర్లకీ మరింత శ్రద్ధగా బొట్లు పెట్టింది.

శనివారం పొద్దున బ్యాగు సర్దుకుని కాసిడీహ్‌లోని పుట్టింటికి బయలుదేరింది.

"అలిగావా?" అన్నాడు హరికిరణ్.

"అలగడానికేటుంది? పోటీ ముందు రోజు మీరు రాత్రంతా మలుపుల గురించి కలవరిస్తారు. నాకు నిద్రుండాలి కదా." గుమ్మం దిగి ఆగింది. "వాన వచ్చీలాగుంది. జాగ్రత్త."

హరికిరణ్ ఆకాశం వైపు ఒకసారి చూశాడు. అయినా ఆమె ఎక్కిన ఆటో మలుపు తిరగ్గానే కారు తీసి సాక్చీ దారి పట్టాడు.

ఆదివారం ఖర్కాయి నది వంతెన ఎక్కేసరికి చినుకులు మొదలయ్యాయి. కొత్త టైర్లు అప్పుడే అటూ ఇటూ చూస్తున్నట్టున్నాయి. స్టీరింగు రెండు చేతులా పట్టుకుని ఎద్దుబండిలా నడిపాడు. వెనక లారీలు హారన్లు మోగిస్తూనే ఉన్నాయి.

మైదానంలో ఎర్ర కారు అప్పటికే వరసలో ఉంది. అద్దాలు మూసి ఉన్నాయి. హరికిరణ్ ఉండబట్టలేక వంగి దాని టైర్లు చూశాడు. లోతైన గాట్లు. మొన్న పోయిన సెట్టు ఎక్కడికి పోయిందో అర్థమైంది.

అతని వంతు వచ్చేసరికి వాన జోరందుకుంది. మొదటి మలుపు ఎలాగో దాటాడు. రెండో మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పినా కారు తిరగలేదు. తిన్నగా వెళ్ళి, కోన్లను గుద్దుకుంటూ గడ్డిలోకి దిగి, బురదలో ఆగింది. దెబ్బలేమీ తగల్లేదు. అభిలాష్ పరుగెత్తుకొచ్చి గొడుగు పట్టాడు.

తర్వాత ఎర్ర కారు కదిలింది. ప్రతి మలుపు ముందూ కాస్త తగ్గి, నీళ్ళు చిమ్ముతూ తిరిగి, మళ్ళీ దూసుకుపోయింది. ఒక్క కోను కూడా పడలేదు. హరికిరణ్ తడిసిపోతున్న సంగతి మరిచిపోయి నోరు తెరుచుకుని చూశాడు. అది గీత దాటగానే, అతనికి తెలియకుండానే చేతులు చప్పట్లు కొట్టాయి.

"అరే యార్," అభిలాష్ మోచేత్తో పొడిచాడు, "దుష్మన్‌కి తాలీ కొడతావేటి?"

హరికిరణ్ జవాబు చెప్పేలోగా మైకు గరగరలాడి, పోయినేడు చదివిన పేరే మళ్ళీ చదివింది: "విజేత, ఎర్ర కారు, శ్రీమతి అనితా హరికిరణ్, బారిడీహ్."